పసుపు కింది బొమ్మ

దసరాకు పది రోజుల ముందు మా ఫిజిక్స్ సార్ కుప్పంలో కన్నుమూశారు. ఫోనులో కబురు వినగానే ఆయన చేతిలోని తడిగుడ్డే కళ్లముందు మెదిలింది. ఆ వెంటనే భయం వేసింది. ఇక ఏటా పుంగనూరుకు ఎవరు పోతారు?

తొంభైల్లో మదనపల్లె కాలేజీలో చదివేటప్పుడు ఆయన మమ్మల్ని పుంగనూరు దగ్గర నాలుగేళ్ల కింద మూతబడిన కాగితం మిల్లుకు తీసుకెళ్లారు. వెనక షెడ్డులో కాగితం మందం కొలిచే పాత యంత్రం ఉంది. దాని సీసపు డబ్బాలో రేడియోధార్మిక పదార్థం. డబ్బా మీది పసుపు రేకుపై హెచ్చరికగా మూడు రెక్కల బొమ్మ ఉండాలి. కనిపించలేదు. మిల్లు మూసినా వాచ్‌మన్ ఏటా ఆయుధపూజకు యంత్రాలన్నిటికీ పసుపు పూసి బొట్లు పెడుతున్నాడు. రెక్కలన్నీ ఆ పసుపు కుంకుమల కింద మునిగిపోయాయి.

"ఫ్యాను మిషన్ అనుకుంటి సార్. దానికొక్కదానికే పెట్టకుంటే బాగుంటాదా?" అన్నాడు వాచ్‌మన్.

సార్ తిట్టలేదు. మమ్మల్ని బయటే నిలబెట్టి, తానొక్కరే వెళ్లి తుడిచి వచ్చారు. తడిగుడ్డ పిండుతూ అన్నారు.

"నాలుగేండ్లకే బొమ్మ కనపడకుండా పోయిందే అప్పా! దీని విషం మన మనవళ్ల మనవళ్ల దాకా ఉంటాది. అప్పుడు పాతసామాన్లోడొచ్చి పగలగొడితే?"

ఇలాంటి సరుకు పనైపోయాక ప్రభుత్వ నిల్వ కేంద్రానికి చేర్చాలని రూలు ఉంది. చేర్చాల్సిన ఓనరే పత్తా లేడు. ప్రభుత్వమే తీసుకెళ్లాలని సార్ ఏటా అర్జీ రాశారు. 'పరిశీలనలో ఉన్నది' అని ఏటా జవాబు వచ్చింది.

"ఆ డబ్బా మీకు సొంత కూతురా సార్?" అని ఆటపట్టించేవాళ్లం.

"పుట్టని బిడ్డ అర్జీ పెట్టుకోలేదు కదప్పా. మనమే పెట్టాల" అనేవారు.

రిటైరై కుప్పం చేరాక కూడా పూజ మరునాడు బస్సెక్కి వచ్చేవారు. సంచిలో టిఫిను డబ్బా, దాని కింద మడిచిన గుడ్డ. బొట్టు పెట్టొద్దంటే వాచ్‌మన్ సరేననేవాడు, పండగనాడు చెయ్యి ఆగేది కాదు. సార్‌దంతా చాదస్తమనుకున్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఈసారి నేను వెళ్లాను.

"సార్ రాలేదా?" అన్నాడు వాచ్‌మన్. అతనూ ముసలివాడైపోయాడు.

చెప్పాను. అతను బకెట్టుతో నీళ్లు తెచ్చి గడప దగ్గర పెట్టాడు. గుడ్డ తడిపి తుడిచాను. ఒక్కో రెక్కా బయటపడింది.

బయటికి రాగానే అడిగాడు. "నేను ఇంకెన్నాళ్లో ఉండను సార్. మీ తర్వాత ఎవరొస్తారు?"

నా చేతిలో గుడ్డ నుంచి పసుపు నీళ్లు కారుతూనే ఉన్నాయి.