మాయతో పూడ్చని ముక్క

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. సైన్సు చదివి, సైన్సుతోనే పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. కానీ ఈ ఒక్కదానికి ఎవరైనా కారణం చెబితే దండం పెడతాను.

రెండువేల దశకం చివర్లో బెంగళూరులో ఒక ల్యాబులో పనిచేసేవాణ్ణి. గాజుపలక మీద అతికించిన సిలికాన్ ముక్కలో వెంట్రుకంత సన్నని కాలువ చేసి, దాని గోడలకు మనిషి రక్తనాళాల కణాలు పెంచేవాళ్లం. దాన్ని చిప్ అంటాం. నాళం ఇరుకైతే కణాలు ఎలా దెబ్బతింటాయో అందులో చూడొచ్చు. ఆ కణాలను బొడ్డుతాడు నుంచి తీస్తారు.

మదనపల్లెలో కాపురముండే మా అక్క అప్పుడు నిండు చూలాలు. బిడ్డ గుండె నుంచి వచ్చే పెద్ద నాళం ఇరుకుగా ఉందని స్కానింగులో తేలింది. కుప్పం ఆసుపత్రిలో కాన్పయ్యాక అక్కే బొడ్డుతాడు తీసుకుపొమ్మంది. నా ల్యాబులో వాడికి మందు దొరుకుతుందని ఆమె ఆశ. అది ఇప్పట్లో అయ్యే పని కాదని తెలిసీ, ఐసుపెట్టెతో రైలెక్కాను.

మా సొంతూరు పుంగనూరులో మా అవ్వ మండిపడింది. మా ఇళ్లలో కాన్పయ్యాక పడే మాయనూ బొడ్డుతాడునూ కలిపి పెరట్లో పూడ్చిపెడతారు. అందులో ముక్క తగ్గకూడదట.

మా పంపు ద్రవాన్ని ఒకే ధారగా నెడుతుంది, గుండెలా కొట్టదు. ధార కనిపించడానికి అందులో నలుసుల్లాంటి పూసలు వదులుతాం. మావాడి కణాలున్న చిప్‌లో మాత్రం ఆ పూసలు ఆగి ఆగి, గబగబా కొట్టుకుంటూ పోయాయి. పంపు మార్చాను, గొట్టాలు మార్చాను. అదే పంపుతో నడిచే పక్క చిప్‌లో ధార మామూలుగానే ఉంది. చెబితే నవ్వుతారని నోరు మూసుకున్నాను. వాడు బతుకుతాడేమోనని లోలోపల సంబరపడ్డాను కూడా, పిచ్చివాణ్ణి.

ఒక మధ్యాహ్నం నేను చూస్తుండగానే పూసలు నిలబడిపోయాయి. పంపు తిరుగుతూనే ఉంది. ఎక్కడా కారడం లేదు. కాసేపటికి బావ ఫోన్ చేశాడు. బిడ్డ పోయాడు.

ఏం చదువు ఇది, ఎవరికి పనికొచ్చింది అని ఏడ్చాను. ఆ ముక్కనైనా తెచ్చి మాయ పూడ్చిన తావులోనే పెట్టమని అవ్వ కబురు పెట్టింది. చిప్ తీసుకుని పుంగనూరు వెళ్లాను.

అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆ పొద్దు దాకా దీంట్లో కొట్టుకుంటా ఉణ్ణింది గదప్పా. ఇంక కొట్టుకోదా?"

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. లేదక్కా అన్నాను. ఆమే గుంటలో పెట్టి మట్టి కప్పింది.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కొత్త చిప్ పెట్టిన ప్రతిసారీ కొట్టుకుంటుందేమోనని చూస్తాను. కొట్టుకోదు.