చక్రాల ఇంట్లో పడమర ఎటు?

మా వీధిలోకి వచ్చి నిస్సార్ ఇల్లెక్కడని అడిగితే కాస్త ఆలోచించాలి గానీ, ఇంజన్ల మేస్త్రీ ఇల్లని అడిగితే అయిదేళ్ల పిల్ల కూడా వేలు చూపిస్తుంది. తిరువూరు చుట్టుపక్కల బావుల మీద నీళ్లు తోడే ఆయిలింజన్లలో అతని చెయ్యి పడనిది లేదు. స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. వైద్యుడు నాడి చూసినట్టే ఉంటుంది. కాసేపటికి కళ్లు తెరిచి "వాల్వు" అంటాడు, లేదంటే "బేరింగు" అంటాడు. అంతకుమించి నోరు విప్పడు. అతని వాటా మాటలు కూడా పెళ్లాం మస్తాన్‌బీయే మాట్లాడుతుంది. ఆవిడకు ఊపిరాడనప్పుడు పక్కింటి నేను అందుకుంటాను.

దీపావళి వెళ్లిందంటే నిస్సార్ సంచీ సర్దుకుని ఊళ్లు పట్టుకుపోతాడు. ఎండలు ముదిరేదాకా రైతుల అరుగుల మీదా, ఇంజను పాకల్లోనూ పడుకుంటాడు. డెబ్భై మూడులో అలాగే వినగడప వెళ్లి, టైఫాయిడు తగిలి, ఒక పాకలో తొమ్మిది రోజులు మూసిన కన్ను తెరవకుండా పడున్నాడు. కబురు మాకు పదో రోజున చేరింది. బస్సెక్కి వెళ్లి అతన్ని తీసుకొచ్చిన నాడు మస్తాన్‌బీ ఏడవలేదు. "వచ్చే ఏడు నువ్వెక్కడుంటే నేనక్కడ" అంది.

"అరుగుల మీద పడుకుంటావా?" అన్నాడు నిస్సార్.

"పరాయివాళ్ల అరుగు మీద చీరెట్లా మార్చుకోను? ఇల్లుండాలి."

"ఊరూరా ఇల్లెక్కడ తెచ్చేది?"

తెచ్చాడు. మరుసటేడు కార్తీకమాసంలో ఒక పొద్దున మా గుమ్మంలో నిలబడి, గంపలగూడెంలో సుందరరాజు అనే ఆయన దగ్గర పాత వ్యాను ఉందనీ, వెనక డబ్బా ఒక గదంత ఉంటుందనీ, దాన్ని కొని అందులోనే కాపురం పెడతాననీ చెప్పాడు. అతను ఒక్క గుక్కలో అన్ని మాటలు చెప్పడం నేనెరుగుదును గనకనా! ముందు అదే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంకా గందరగోళం. ఇల్లయితే పంచాయితీ నంబరేదీ? బండయితే అందులో పొయ్యేమిటి? ఉత్తరం రాస్తే పోస్టుమాను ఎక్కడని పరిగెత్తాలి? మా ఆయన్ని అడిగితే, "నీకెందుకే?" అన్నారు. అందుకే నేనూ వాళ్లతో గంపలగూడెం బస్సెక్కాను. ఎవరూ పిలవకపోయినా దశరథరామయ్య మాస్టారూ ఎక్కారు. బళ్లో రిటైరయ్యాక ఆయన ఇళ్లకు వాస్తు చూస్తున్నారు. రూపాయి బిళ్లంత దిక్సూచి ఎప్పుడూ జేబులో ఉంటుంది.

ఆ వ్యాను అంతకుముందు టూరింగు టాకీసు వాళ్లది. మైకు పెట్టి ఊరూరా ఆట సంగతి చాటేవారట. సుందరరాజు దొడ్లో మూతి తూర్పుకు పెట్టి నిలబెట్టి ఉంది. నిస్సార్ ఇంజను మీద స్క్రూడ్రైవరు పెట్టి, చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. మస్తాన్‌బీ వెనక డబ్బాలోకి ఎక్కి తను బట్టలు కుట్టే మిషను ఎక్కడ పడుతుందో జానలతో కొలుస్తోంది. అతను ఒక్కసారీ వెనక్కి తొంగిచూడలేదు, ఆవిడ ముందుకు రాలేదు. ఇలాంటిది మొదటిసారి కొనేవాళ్లు ఎవరైనా ఉంటే నేను చెప్పేది ఇదే: మొగుడు ఇంజను చూసి, పెళ్లాం గది చూసి, ఇద్దరూ బాగుందంటే నమ్మొద్దు. రెండూ కలిసి ఒక్క బండి అన్న సంగతి ఎవరో ఒకరు చూడాలి. ఆ రోజు మేమెవరం చూడలేదు.

నేను మాత్రం ఊరుకోలేదు. "అమ్మాయ్, ఇక్కడే ఒక పూట వండు. తిని, కాసేపు నడుం వాల్చి చూడు. ఆ తర్వాతే బేరం" అన్నాను. సుందరరాజు ఇంటి నుంచే బియ్యం, పప్పు తెప్పించాను. ఆవిడ కిరసనాయిలు స్టవ్వు మీద పప్పుచారు కాస్తుండగా, నేను నాలుగు బిందెల నీళ్లు బండి కప్పు మీద పోయించాను. లోపల నాలుగు చోట్ల ధార కట్టింది. మైకు బిగించిన బోల్టుల కన్నాలు అలాగే ఉన్నాయి! ఒక ధార సరిగ్గా పప్పుచారులో పడింది.

"వాన కురిస్తే ఇంతేనా, సుందరరాజుగారూ?" అన్నాను.

"అది వాన కాదండీ, మీరు పోయించిన నీళ్లు."

"వానకు వేరే కన్నాలున్నాయా మరి?"

ఆయన కన్నాలు మూయించి ఇస్తానన్నాడు. బేరం కుదిరింది. ఇంజను పని కూడా ఉందని నిస్సార్ ఆ దొడ్లోనే మూడు రోజులుండి గది అమర్చాడు. మాస్టారు దిక్సూచి పెట్టి, డ్రైవరు సీటు వెనక కుడిమూల ఆగ్నేయం గనక స్టవ్వు అక్కడే ఉండాలన్నారు. "ఎక్కడో ఒకచోట పెట్టాలిగా సార్" అని నిస్సార్ అక్కడే బల్ల కొట్టాడు. మస్తాన్‌బీ అడిగింది ఒక్కటే. పడుకుంటే కాళ్లు తూర్పుకే ఉండాలి, పడమర వైపు పోకూడదు. నమాజుకు మొహం పెట్టే దిక్కది. అందుకని తల బండి తోక వైపు, కాళ్లు మూతి వైపు వచ్చేలా మంచం వేసి, తలగడ చెక్కతో సహా మేకులు దిగ్గొట్టాడు. కుదుపులకు కదలకూడదని ఒకటికి నాలుగు మేకులు.

నాలుగో రోజు బండి మా వీధిలోకి వచ్చింది. వీధి మొత్తం బయటికొచ్చింది. పాలు పొంగించాలా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలా అని పెద్ద వాదన. రెండూ చేశాం. తెల్లారి వినగడప ప్రయాణం, అక్కడ రైతు ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. మస్తాన్‌బీ పరుపు చుట్ట చంకనపెట్టి మెట్టెక్కింది. ఎక్కి, లోపలికి చూసి, సూర్యుడి వంక చూసి, మళ్లీ లోపలికి చూసి దిగిపోయింది.

"ఈ మంచం మీద నేను పడుకోను."

"నిన్న నువ్వే బాగుందన్నావు!" అన్నాడు నిస్సార్.

"నిన్న కాళ్లు తూర్పుకున్నాయి. ఇవాళ పడమరకున్నాయి."

అందరం బండిని చూశాం. మంచం అక్కడే ఉంది. మేకులు అక్కడే ఉన్నాయి. కాళ్లెలా తిరిగాయి? నాకైతే రెండు నిమిషాలు తల పనిచేయలేదు. మాస్టారు దిక్సూచి తీసి, విదిలించి, మళ్లీ చూశారు. "స్టవ్వు వాయవ్యంలోకి వచ్చేసిందేమిటి?" అన్నారు, స్టవ్వు నడిచి వెళ్లినట్టు. మా వీధి చివర గోడ ఉంది. బండి మూతి పడమరకు పెట్టుకుని తప్ప లోపలికి రాదు. గంపలగూడెంలో తూర్పు చూసింది తిరువూరులో పడమర చూస్తోంది.

"కదలని దానికి వాస్తు ఉంది. కదిలేదానికి లేదు. ఇది కదిలి, ఆగి, మళ్లీ కదులుతుంది. దీనికి ఉందో లేదో ఏ పుస్తకంలోనూ లేదు" అని మాస్టారు గోడ పట్టుకుని నిలబడ్డారు. మళ్లీ తనే, "ఏ ఊరెళ్లినా మూతి తూర్పుకే పెట్టి ఆపు, నిస్సారూ" అన్నారు.

"బావి ఎటుంటే బండి అటు సార్. తూర్పున మడి ఉంటే మడిలో దింపమంటారా?"

నిస్సార్ పెళ్లాం చేతిలో పరుపు చుట్ట చూశాడు. ఏడాది పొడుగునా అనుకున్నది ఆ చుట్టలోనే ఉన్నట్టు దాన్నే చూశాడు. "సరేలే. ఈ ఏటికి నేనే పోతాను. నువ్విక్కడే ఉండు" అన్నాడు.

మస్తాన్‌బీ పరుపు చుట్టను ఇంకాస్త గట్టిగా అదుముకుంది. తొమ్మిది రోజుల పాక నా కళ్ల ముందుకొచ్చింది.

"ఒరే నిస్సారూ, ఆ మంచానికి మేకులెందుకు కొట్టావురా?" అన్నాను.

"కుదుపులకు కదలకుండా, పిన్నీ."

"బండి నడిచేటప్పుడు దాని మీద ఎవరు పడుకుంటారు?"

"ఎవరూ పడుకోరు. నేను తోలుతా, ఇది పక్కన కూర్చుంటది."

"పడుకునేటప్పుడు బండి కుదుపుతుందా?"

అతను స్క్రూడ్రైవరు పెట్టుకుని వినే మొహం పెట్టాడు. తర్వాత లోపలికెక్కి మేకులు పీకడం మొదలుపెట్టాడు. మంచం లేపి, గోడకు తాడుతో కట్టేశాడు. నడిచేటప్పుడు అది గోడకు, ఆగితే పరుపు కిందికి. తలగడ ఎటు కావాలంటే అటు.

మాస్టారికి మాత్రం అనుమానం తీరలేదు. "బండి ఉత్తరానికో దక్షిణానికో ఆగిందనుకో, అప్పుడు?"

"అడ్డంగా పడుకుంటాం సార్" అంది మస్తాన్‌బీ. లోపలికి దూకి అడ్డంగా పడుకుని చూపించింది. పొట్టి మనిషి, సరిగ్గా సరిపోయింది. నిస్సార్ పడుకుంటే పాదాలు గోడకు తగిలాయి.

"ఈయన ముడుచుకుంటాడులే, పిన్నీ. నేనొస్తున్నా!" అంది.

స్టవ్వు బల్ల కూడా పీకించాం. అది చేత్తో మోసుకెళ్లే స్టవ్వే కదా, చెట్టు నీడ ఎటుంటే అటు దింపుకోవచ్చు. ఇంతకీ ఆ చక్రాల ఇంట్లో మేకు దిగిన వస్తువు ఒక్కటీ మిగల్లేదు. అప్పుడే అది కాపురానికి పనికొచ్చింది. ఇదెలా సాధ్యమో నాకిప్పటికీ అంతుపట్టదు.

తెల్లారి వెళ్లారు. ముందు సీట్లో మస్తాన్‌బీ, ఒళ్లో స్టవ్వు, వెనక కుట్టుమిషను. పదో రోజున బస్సు కండక్టరు చేతికి కార్డు ముక్క ఇచ్చి పంపింది. వినగడపలో ఇద్దరికీ ఒళ్లు బాగుందట, ఊరి ఆడవాళ్లు జాకెట్లు కుట్టించుకోవడానికి వరస కడుతున్నారట. అడుగున ఇలా రాసింది: "బావి దగ్గర బండి ఉత్తరానికే నిలబడింది పిన్నీ. ఈయన కాళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాడు."