తెల్లకర్ర తెచ్చిన మర్యాద

సంతపూర్ నర్సప్పకు ఆస్తులు రెండు. ఒకటి నాలుగెకరాల జొన్నచేను, రెండోది పక్కచేను తుకారాంతో ముప్పై ఏండ్ల పగ. అరవై దాటాక నర్సప్ప కండ్లు పోయినయి గాని పగకు చత్వారమైనా రాలేదు. రోజూ పొద్దున గుత్పకట్టె పొడుచుకుంటూ పోయి, రెండు చేల నడిమి గెట్టును తుకారాం నాగలి ఎంత కొరికిందో తడిమి చూసి, అక్కడే నిలబడి తిట్టేవాడు.

"ఏ నర్సిగా, కండ్లే పోయినయనుకున్న. సిగ్గు గూడ పోయిందా?" అని తుకారాం అవతలి నుంచి జవాబిచ్చేవాడు. అది విన్న పూట నర్సప్పకు మూడు జొన్నరొట్టెలు లోపలికి పోయేవి.

మైసూరు పేరు మారి కర్ణాటక అయిన మరుసటేడు, బీదర్‌లో ఎవరో సంఘంవాళ్లు చూపులేని ముసలివాళ్లకు తెల్లకర్రలు పంచారు. దండలు వేసి అరగంట కన్నడంలో ఉపన్యసించారు. నర్సప్పకు అందిన సారం ఒక్కటే: ఈ కర్రను చూస్తే లోకం దారి ఇస్తుంది.

లోకం ఇచ్చింది. బస్సులో కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించాడు. కర్రను తప్పుపట్టడానికీ లేదు. గుంత, రాయి, పేడకుప్ప ముందే చెప్పేది. రాళ్లకు కొట్టుకుని ఏనాడూ మానని కాలి బొటనవేలి గాయం కూడా మానింది.

అయితే ఆ కర్రతో గెట్టు మీద నిలబడి తిట్లు లంకించుకున్న మొదటిరోజే, అవతలి నుంచి తుకారాం గొంతు మెత్తగా వచ్చింది. 

"నర్సన్నా, నిమ్మళంగ రా. ఆడ గుంత ఉన్నది."

నర్సప్ప తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని కర్రతో తడిమాడు. "ఎవర్ని అన్నా అంటున్నవ్ రా?"

"నిన్నే. తెల్లకర్ర పట్టినోనితోని కొట్లాడితే నలుగురు నా మొకాన ఉమ్ముతరు. మూరెడు గెట్టు ఇడిసిన, తీస్కో."

ముప్పై ఏండ్ల వ్యాజ్యం బిచ్చంగా జోలెలో పడింది. నర్సప్ప ఇంటికొచ్చి, భార్య హనుమవ్వ పెట్టిన రొట్టెను నెట్టేశాడు.

"కాళ్లు బాగైనయి గదా, ఇంగేం రోగం?" అన్నదామె.

"ఆ కర్రను చూసి వాడు నన్ను సచ్చినోళ్లల్ల కలిపిండే."

పది రోజులు అర్ధరొట్టెతో గడిచాయి. పదకొండో నాడు తెల్లకర్రను పెరట్లో చిక్కుడుతీగకు ఊతంగా పాతి, గుత్పకట్టె, పార పట్టుకుని చేనుకు పోయాడు. దారిలో రాయి తగిలి బొటనవేలు మళ్లీ చిట్లింది. లెక్కచేయకుండా గెట్టు నరికి, తుకారాం చేనులోకి రెండు మూరలు జరిపాడు.

"ఏ నర్సిగా, గుడ్డి దొంగా, మూరెడిస్తే మీద రెండు మూరలు మింగుతవా? కాళ్లిరగ్గొడ్త నీయి."

నర్సప్ప పార మీద ఆనుకుని, మధ్యలో అడ్డుపడకుండా, చివరిదాకా విన్నాడు. ఆ మధ్యాహ్నం వేలికి పసుపు పెట్టించుకుంటూ నాలుగో రొట్టె అడిగాడు.