ఫుల్‌క్రాన్ ముక్కు

ద్రాక్షతోటల ఫోజేర్ కొండల్లో యాత్రికుల్ని వ్యానులో తిప్పే ఫుల్‌క్రాన్, బండి తోలాలి కనక వైను చుక్క ముట్టడు. టోపీ వెనక్కి తిప్పి, కళ్లు మూసుకుని వాసన మాత్రం చూస్తాడు, ఏ తోట వైనో చెప్పేస్తాడు. ఓసారి పొగమంచులో వ్యానుని ఇంటిదాకా ఆ కొంకిముక్కే నడిపిందట! మొన్నొక రోజు ఓ తోటలో మరదలు సోలాంజ్ ఏడుగురు యాత్రికుల ముందు వైను గ్లాసు చేతికిచ్చి, "తప్పు చెప్పావో, ఇక ముక్కు గొప్పలు బంద్, బావా" అంది. ఫుల్‌క్రాన్ మూడుసార్లు పీల్చి మొహం చిట్లించాడు. "ఛీ! ఎవడే ఈ పుల్లనీళ్లు చేసిన మొనగాడు?"

"నువ్వే! మీ పెరటి ద్రాక్షదే. పొద్దున అక్క ఇచ్చింది."

యాత్రికులు పగలబడి నవ్వారు. వాళ్లకంటే గట్టిగా ఫుల్‌క్రాన్ నవ్వాడు, కళ్లు తుడుచుకుని, గ్లాసు గిరగిరా తిప్పి మళ్లీ పీల్చాడు. "వైనుకి కాస్త గాలి తగలనివ్వాలే, పిచ్చిదానా! ఇప్పుడు చూడు, ఈ కొండలన్నిట్లోకీ ఇదే మేలు. నా ముక్కు అబద్ధమాడదు."