చివరి వరుస మీద నా నిఘా

కడపలో నెల రోజుల పాటు చక్కగా నడిచిన సినిమా పండగను ముప్ఫయ్యో రోజు సాయంత్రం, ఒకే ఒక్క కత్తెరతో, పది నిమిషాల్లో కుప్పకూల్చిన ఘనత నాది. సెన్సారు వాళ్ల కత్తెర అనుకునేరు. కాదు, తోరణాలకు రంగుకాగితాలు కత్తిరించే కత్తెర. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ నా ముందు ఎత్తరు. నా వెనక ఎత్తని రోజు లేదు. అందుకే మీకు నేనే చెప్పేస్తున్నాను. ఇంకొకరి నోట విన్నారంటే ఇంతకు నాలుగింతలు కలిపి చెబుతారు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని. ఆ వయసులో ఇంగ్లీషు లెక్చరర్లకు ఊరిని బాగుచేయాలనే జబ్బు ఒకటి పట్టుకుంటుంది. నాకు కొంచెం గట్టిగా పట్టుకుంది. లెక్కల లెక్చరరు నాగేంద్రను కూడగట్టుకుని ఫిలిం క్లబ్బు పెట్టాను. దేశదేశాల పాత మేటి సినిమాలు, పండగల్లో బహుమతులు కొట్టుకొచ్చిన కొత్త సినిమాలు నెలంతా రోజుకొకటి ఆడించాలని మా పథకం. టిక్కెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. ఉండవలసిన హాలు మాత్రం లేదు.

ఊరి నడుమ ఓబుళరెడ్డి గారి పాత హాలు ఖాళీగా పడి ఉందని తెలిసి ఇద్దరం వెళ్లాం. ఆయనది కమలాపురం వైపు. సేద్యం చేసి చేసి, బోర్లు వేయించి వేయించి, విసుగెత్తి టౌనుకొచ్చిన మనిషి. మేము చెప్పిందంతా విని మీసం సవరించుకున్నారు.

"నెల దినాలు ఇస్తా పాపా. ఆడించుకోండి. ఆఖరు దినం నేనే వచ్చి చూస్తా. జనం నిండుగా ఉండారంటే హాలు సినిమాలకే. లేదంటే షామియానా సుబ్బన్న పెళ్లిళ్లకు కావాలని అడగతాండాడు, ఆయప్పకిచ్చేస్తా."

"నిండతాది సార్" అన్నాను నేను. నాగేంద్ర వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. లెక్కలు వచ్చినవాడు కదా.

నాగేంద్ర ప్రొజెక్టరు దగ్గర, నేను వాకిలి దగ్గర ఇనుప స్టూలు మీద. సినిమా మొదలయ్యే ముందు నేను తెర ముందుకు వెళ్లి, ఆ సినిమా గొప్పతనం గురించి పావుగంట మాట్లాడేదాన్ని, ఇంగ్లీషులో. జనం గట్టిగా చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లు నా ఉపన్యాసం అయిపోయినందుకని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మూడో రోజు నా కన్ను చివరి వరుస మీద పడింది. అరవై దాటిన మనిషి, గళ్ల లుంగీ, తెల్ల చొక్కా, చంకలో గుడ్డమూట. వెంట తలమీద కొంగు కప్పుకున్న భార్య. ముందు ఆరు వరుసల్లో కావలసినన్ని కుర్చీలు ఉంటే, వాళ్లు నేరుగా వెనక్కి పోయి, గోడకు వీపు ఆనించి, వాకిలి కనబడేలా కూర్చున్నారు.

ఇందులో ఏముందని మీరు అనుకోవచ్చు. మాది బద్వేలు దగ్గర పల్లె. మా నాయన ఈ రోజుకీ హోటల్లో గోడ పక్కన, వాకిలికి ఎదురుగా చోటు దొరికితేనే దోసె చెబుతాడు. దొరక్కపోతే ఆకలితో ఇంటికొస్తాడు. ఊళ్లో కక్షలున్న రోజుల్లో, వెనక నుంచి ఎవరూ మీద పడకుండా చేసుకున్న అలవాటు అది. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు, గోడకు వీపు ఆనించిన మనిషి సినిమా చూడ్డానికి వచ్చాడంటే నమ్మకం ఎలా కుదురుతుంది?

దీపాలు ఆరిపోగానే వెనక నుంచి గుసగుస మొదలైంది. టార్చి వేశాను. ఆగిపోయింది. ఆర్పాను. మళ్లీ మొదలైంది.

మరుసటి రోజు ఆయన చుట్టూ ముగ్గురు. వారం తిరిగేసరికి ఇరవై మంది. పక్షం దాటేసరికి ముందు వరుసలు బోసిపోయాయి, జనమంతా వెనక గోడకు అతుక్కుపోయి కూర్చుంటున్నారు. ఇంకా విచిత్రం వినండి. తెరమీద ముసలామె ప్రాణం పోతుంటే వెనక కిసుక్కుమని నవ్వులు. ఇంకో సినిమాలో ఇద్దరు ఊరికే టీ తాగుతుంటే వెక్కివెక్కి ఏడుపులు. నేను కాలేజీలో చదువుకున్న ఏ పుస్తకంలోనూ అలాంటి ప్రేక్షకుల గురించి రాసిలేదు.

"నాగేంద్రా, ఆ లుంగీ ఆయన ఎవురు?" అని అడిగాను.

"ఎవురో సినిమా చూసేకి వచ్చిన ఆయప్ప మేడం."

"సినిమా చూసేకి వచ్చినోడు ముందర కూచుంటాడు."

"ముందర మీరు ఉపన్యాసం చెప్తాండారు కదా. భయపడతాండారేమో."

"నవ్వద్దు. ఆయన వర్గం కడతాండాడు. దినదినం మనుషులు పెరగతాండారు, చూడు."

"సినిమాకు మనుషులు పెరిగితే మంచిదే కదా మేడం!"

నాగేంద్ర అమాయకత్వం చూసి జాలి పడ్డాను. ఆ రోజు నుంచీ ఒక నోటుబుక్కు పెట్టి, లుంగీ ఆయన ఎన్నింటికి వచ్చాడు, ఎవరితో మాట్లాడాడు, మూట ఏ చంకలో ఉంది అన్నీ రాయడం మొదలుపెట్టాను. పదిహేడో రోజు మూట కుడిచంక నుంచి ఎడమచంకకు మారింది. దాని కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశాను.

ఇరవయ్యో రోజు నాకు సాక్ష్యం దొరికేసింది. కాలేజీ నుంచి వస్తుంటే షామియానా సుబ్బన్న షాపు ముందు మా లుంగీ ఆయన! సుబ్బన్న ఆయన భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. ఇద్దరూ కలిసి ఆటోలోంచి పెద్దపెద్ద మూటలు దించుతున్నారు. సంగతంతా అద్దంలో కనబడినట్టు కనబడింది. హాలు పెళ్లిళ్లకు దక్కాలని సుబ్బన్న పంపిన మనిషి ఇతను. ముందు వరుసలు ఖాళీ చేయిస్తున్నాడు. ఆఖరి రోజు ఓబుళరెడ్డి గారి ఎదుట ఏదో పెద్ద గలాటా చేయిస్తాడు. నా హాలు పోతుంది.

వెంటనే చర్యలు చేపట్టాను. వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో 'సైలెన్స్' అని ఇంగ్లీషులో రాయించాను. ఎవరూ పట్టించుకోలేదు. వెనక రెండు వరుసల కుర్చీలు తీయించేశాను. జనం నేల మీద పంచెలు, తువ్వాళ్లు పరుచుకుని ఇంకా హాయిగా కూర్చున్నారు.

ఆఖరి రోజు వచ్చింది. ఆరింటికి ఓబుళరెడ్డి గారు వస్తారు. అయిదున్నరకే వాకిలి ముందు జనం నిండిపోయారు. నేను స్టూలు మీద కూర్చుని తోరణాలు కత్తిరిస్తూ దారిలోకే చూస్తున్నాను. లుంగీ ఆయన, భార్యా వచ్చారు. రోజూ ఉండే మూట ఆమె చేతిలో ఉంది. ఆయన చంకలో ఇంకో కొత్త మూట, గుడ్డ చుట్టి, నాలుగు వైపులా దారంతో గట్టిగా కుట్టేసి ఉంది.

"ఆగండి. దాంట్లో ఏముంది?" అన్నాను.

ఆయన సిగ్గుపడినట్టు నవ్వాడు. "ఇప్పుడొద్దులే పాపా. సినిమా అయినాక నేనే ఇప్పతా."

సినిమా అయ్యాక! అంటే ఓబుళరెడ్డి గారి ఎదుట! "ఇప్పుడే ఇప్పండి."

"ఈడ అందరి ముందరా ఎందుకు పాపా..."

"మీ సంగతి నాకంతా తెలుసు. సుబ్బన్న షాపు కాడ మిమ్మల్ని చూసినా. ఇది ఇప్పకపోతే లోపలికి పోనీను."

భార్య హుస్సేనమ్మ ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. మూట లాక్కుని, చేతిలో ఉన్న కత్తెరతో ఈ కొస నుంచి ఆ కొసకు పర్రున కోశాను. గుడ్డ తెగింది, దాని లోపలి గుడ్డా తెగింది. లోపల నుంచి తెల్లటి బూరుగుదూది గుప్పున పైకి లేచింది. పక్కనే పెద్ద స్టాండు ఫ్యాను తిరుగుతోంది. తర్వాత ఏమైందో నేను వేరే చెప్పనక్కర్లేదు. తోరణాల మీద దూది, జనం నెత్తుల మీద దూది, తెరిచిన నా నోట్లో దూది. అప్పుడే కారు దిగి లోపలికి అడుగుపెట్టిన ఓబుళరెడ్డి గారి నల్లటి మీసం ఒక్క క్షణంలో నెరిసిపోయింది.

హుస్సేనమ్మ కింద పడిన గుడ్డ తీసుకుని దులిపింది. "నీకే కుట్టినాడు పాపా. నెల దినాలుగా పాపం ఇనుప స్టూలు మీద కూచోండాదే, మెత్తగా ఒక దిండు కుట్టియ్యి అని నేనే చెప్పినా. ఈయప్పది పరుపులు కుట్టే పని. సుబ్బన్నకు పెళ్లి పరుపులు ఈయనే కుట్టేది. నాకు నడుము నొప్పి, ఈ మూటలో ఉండేదీ దిండే."

నేను కత్తెరను స్టూలు కింద దాచాను.

"అనుమానం పడితే పడినావు, అడిగింటే చెప్పేవాణ్ని కదా పాపా" అన్నాడు ఆ పెద్దాయన మెల్లగా. ఆయన గొంతులో కోపం ఉంటే బాగుండేదనిపించింది. "పా హుస్సేనీ, ఇంటికి పోదాం."

వాళ్లిద్దరూ మెట్లు దిగారు. వాళ్ల వెనకాలే ఒకరు, ఇద్దరు, పదిమంది. వాకిలి ముందున్న జనమంతా కదిలారు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి ఒక ఆటో డ్రైవరును పట్టుకున్నాను.

"మీరెందుకప్పా పోతాండారు? సినిమా ఉంది కదా!"

"దస్తగిరి మామ లేకుంటే మాకేం అర్థమైతాది మేడం? ఆ మాటలు ఏ దేశానివో. కింద అక్షరాలు పడతాయి కదా, అవి ఇంగ్లీషు. మీరొచ్చి మాట్లాడేదీ ఇంగ్లీషే. మామ వాళ్లావిడకు కథ చెప్తాంటే ఇని మేమూ చేరినాం. గోడ కాడ ఎందుకు కూచుంటాడనుకున్నారు? ఎనకోళ్లకు అడ్డం కాకూడదని."

ముప్ఫై రోజులు! ముప్ఫై రోజులు ఊరిని బాగుచేస్తున్నాననుకుంటూ, ఊరికి చదవడం రాని అక్షరాలు చూపించాను. మూట ఏ చంకలో ఉందో రాసుకున్నాను గానీ, సినిమా ఎవరికి అర్థమవుతోందని ఒక్కరోజూ ఎవరినీ అడగలేదు. నిజంగా ఏడుపొచ్చింది. రోడ్డు మీదే దస్తగిరి మామ చేతులు పట్టుకున్నాను.

"తప్పయిపోయింది మామా. హాలు పోతే పోనీ. మీరు మాత్రం ఇట్ట పోవద్దు."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె నా జుట్టులోని దూది తీసి, "ఏడవద్దులే. నోట్లో దూది పెట్టుకోని ఏడిస్తే ఊపిరాడదు" అంది.

అందరం వెనక్కి వచ్చేసరికి ఓబుళరెడ్డి గారు మీసం దులుపుకుంటున్నారు. జరిగిందంతా విన్నారు. నేరుగా వెనక్కి పోయి, గోడకు వీపు ఆనించి, నేల మీద కూర్చున్నారు. ఆయనదీ మా నాయన కాలమే కదా. "ఏదీ, చెప్పప్పా దస్తగిరీ. నాకూ ఇంగ్లీషు రాదు."

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. నెలలో మొదటిసారి వెనకకు వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను. తెర మీద మంచుదేశం. కనుచూపు మేర తెలుపు. ఒక ముసలాయన, ఒక నడివయసాయన, ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోరు.

"ఊరంతా చౌడు తేలిపోయిండాది, చూడండి" అన్నాడు దస్తగిరి మామ.

"మంచు కాదా అది?" అంది హుస్సేనమ్మ.

"మంచైతే మనకెందుకే బాధ? చౌడు అనుకో. పైరు లేదు, చెట్టు లేదు. వీళ్లిద్దరూ అన్నదమ్ములు. బోరు నీళ్ల కాడ మాట పడింది. అన్న వేయించిన బోరులో నీళ్లు పడలా, తమ్మునికి పడినాయి. పదేండ్లు మాటల్లేవు. ఇప్పుడు చూడు, అన్న తలుపు కాడికొచ్చి నిలబడినాడు. అడగల్లంటే నోరు రాలేదు."

కింద ఇంగ్లీషు అక్షరాలు నాకు బాగానే కనబడుతున్నాయి. వాళ్లు తండ్రీకొడుకులు. చనిపోయిన తల్లి పియానో అమ్మాలా వద్దా అన్నది గొడవ. ఆ సినిమాను అంతకు ముందు నేను రెండుసార్లు చూసి, రెండుసార్లూ బాగా ఆవలించాను. ఈసారి నడివయసాయన తలుపు తీసి పక్కకు జరగగానే, "తమ్ముడు నీళ్లు వదిలినాడప్పా" అన్నాడు దస్తగిరి మామ. వెనక గోడ పొడుగునా అందరూ ముక్కులు చీదారు. అందరికంటే గట్టిగా చీదింది ఓబుళరెడ్డి గారు. రెండో చప్పుడు నాదే.

దీపాలు వెలిగాయి. నా బుద్ధి చూడండి, అప్పుడైనా ఊరుకున్నానా? ఇంగ్లీషు లెక్చరర్ని కదా.

"సార్, అసలు కథ అది కాదు. అది నీళ్ల గొడవే కాదు" అన్నాను.

ఓబుళరెడ్డి గారు కళ్లు తుడుచుకుంటూ నావైపు చూశారు. "ఎవురన్నారు?"

"ఆ సినిమా తీసినాయన."

"ఆయప్ప ఎప్పుడన్నా బోరు వేయించినాడా?"

"ఆ దేశంలో... వేయించి ఉండడు సార్."

"మరి ఆయప్పకేం తెలుసు?" అంటూ లేచి, జేబులోంచి హాలు తాళంచెవి తీశారు. నేను చెయ్యి చాపాను. ఆయన నన్ను దాటుకుంటూ పోయి, దాన్ని దస్తగిరి మామ చేతిలో పెట్టారు.

కాబట్టి ఇదిగో, ఆ రోజే చేసిన నా ప్రతిజ్ఞ, మీ అందరి సాక్షిగా మళ్లీ చెబుతున్నాను. ఇకమీదట గోడకు ఆనుకున్న మనిషి మీద నోటుబుక్కు పెట్టను. ఎవరి మూటనూ, అడగకుండా, కత్తెరతో కోయను. సినిమాకు ముందు ఇంగ్లీషులో పావుగంట కాదు కదా, పావు మాట కూడా మాట్లాడను. ఈ ప్రతిజ్ఞను ఇప్పటికి ఆరేళ్లుగా ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పే వీలేదీ? ఉపన్యాసం ఇవ్వనని ఒట్టు పెట్టాకే దస్తగిరి మామ హాలు తాళం తీస్తాడు.