ఆఖరి బండి మాస్టారిది

మాస్టారు పోయారని మస్తాన్ ఫోన్ చేసేసరికి నేను తెనాలిలో నా మందుల షాపు షట్టరు ఎత్తుతున్నాను. రేపల్లెలో వాళ్ళింట్లో, పొద్దున్నే బండి తుడుచుకుని లోపలికొచ్చి, కాఫీ అడిగి, వాళ్ళావిడ కప్పుతో వచ్చేలోపే కుర్చీలో ఒరిగిపోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వచ్చే వేసవిలో మళ్ళీ లడాఖ్ వెళ్దామని, ఈసారి ఆ కొండ కనుమ ఎక్కి తీరుదామని నాకు మాటిచ్చిన మనిషి ఆయన. రెండుసార్లు నన్ను సగం దారి నుంచి వెనక్కి తెచ్చింది చాలక, మూడోసారి బయల్దేరకుండానే ఆపేశారు.

ఆయన బాపట్లలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశారు. నేనూ ఆ గ్రౌండులో ఎండకి మాడినవాణ్ణే. రిటైరయ్యాక ఆయన సొంతూరు రేపల్లె చేరి, పెద్ద మోటారు సైకిలు కొని, బీపీ బిళ్ళల కోసం నా షాపుకి వస్తూ, ఊరికే ఉండక నాకూ ఆ పిచ్చి ఎక్కించారు. మస్తాన్‌ది మా పక్క వీధిలో సీటు కవర్ల షాపు. మాస్టారి బండికి సీటు కుట్టబోయి వాడూ దొరికిపోయాడు. అలా ముగ్గురమయ్యాం. కన్యాకుమారి, కచ్, ఒడిశా తీరం, నేపాల్, అన్నీ ముగ్గురమే తిరిగాం.

తిరిగాం అంటున్నాను గానీ, నేను తిరిగింది బండి అద్దంలో వెనక్కి చూసుకుంటూ. మాస్టారి పద్ధతి ఒకటుంది. పెద్దవాడు ఆఖర్న రావాలి. స్కూల్లో పిల్లల్ని సూర్యలంక బీచికి తీసుకెళ్ళినప్పుడు కూడా అంతే, వరస చివర ఈల మెడలో వేసుకుని ఆయన నడిచేవారు. "ముందు నడిచేవాడికి రోడ్డు కనపడుద్ది, వెనక నడిచేవాడికి పిల్లలు కనపడతారు" అనేవారు. అప్పటి పిల్లలం ఇప్పుడు నెరిసిన జుట్టువాళ్ళమైనా ఆ వరస మారలేదు. ముందు నేను, తర్వాత మస్తాన్, ఆఖరి బండి మాస్టారిది. పొద్దున బయల్దేరే ముందు ఉన్న ఇద్దరికీ హాజరు కూడా వేసేవారు. నేను "ప్రెజెంట్ సార్" అనకపోతే బండి కదలనిచ్చేవారు కాదు.

అద్దంలో ఆయన లైటు కనపడకపోతే నేను ఆగాలి. ఆ లైటు ఎప్పుడూ కనపడేది కాదు. రోడ్డు పక్కన ఎవరు ఆగినా ఆయన ఆగేవారు. పంక్చరు పడ్డవాడు, పెట్రోలు అయిపోయినవాడు, ఊరికే నిలబడి ఫోటోలు తీసుకుంటున్న కుటుంబం, ఎవరైనా సరే. "ఏవండీ, ఏవన్నా సాయం కావాలా?" అని బీహార్లో కూడా తెలుగులోనే అడిగేవారు. వాళ్ళేం చెప్పేవారో, ఈయనకేం అర్థమయ్యేదో నాకు తెలియదు, కాసేపటికి అందరూ కలిసి టీ తాగుతూ ఉండేవారు. నేనేమో ఎక్కడో ముందు, నీడలేని చోట హెల్మెట్ తీసి పెట్టుకుని, పళ్ళు నూరుకుంటూ ఉండేవాణ్ణి. ఒక్క ఊరికైనా అనుకున్న వేళకి చేరిన జ్ఞాపకం లేదు.

లడాఖ్ సంగతి చెప్తాను. మా డెల్టా వాళ్ళకి ఎత్తుపల్లాలు తెలియవు. కాలవ మీద వంతెన ఎక్కితే అదే మాకు కొండ. దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపేసి, న్యూట్రల్లో జారిపోవడం మా దగ్గర ప్రతివాడికీ అలవాటు. మస్తాన్ ఆ అలవాటుని హిమాలయాల్లో వాడాడు. ఘాట్ రోడ్డులో మలుపు మీద మలుపు దిగుతూంటే బ్రేకులు కాలి, పట్టడం మానేశాయి. వాడు తెలివిగా బండిని కొండవైపు కంకర కుప్ప మీద పడేశాడు కాబట్టి చెయ్యి విరగడంతో సరిపోయింది. ఇదంతా నాకు తెలియదు. నేను అప్పటికే లోయలోకి దిగి, ఎదురుగా కనుమ మీద బౌద్ధులు కట్టిన రంగు జెండాలు ఎగురుతుంటే చూస్తున్నాను. అంత దగ్గరికొచ్చాను. అద్దంలో ఎవరూ లేరు. చాలాసేపు చూసి, తిట్టుకుంటూ వెనక్కి ఎక్కాను.

మాస్టారు రోడ్డు మీద చతికిలబడి మస్తాన్ తలని ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఆ దారిన వచ్చిన జీపులో వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఏర్పాటైంది. నేను బతిమాలాను. మీరు జీపులో వెళ్ళండి, నేనొక్కణ్ణి పైదాకా వెళ్ళి చీకటి పడకుండా వచ్చేస్తానన్నాను.

"ముగ్గురం బయల్దేరాం నాయనా. ఎక్కడికెళ్ళినా ముగ్గురం వెళ్దాం" అన్నారు. అంతే. నేను జీపు వెనకాల ఆస్పత్రికెళ్ళి, కట్టు వేసేదాకా వరండాలో కూర్చుని, జెండాల్ని తలుచుకుని కుమిలిపోయాను.

ఇంటికొచ్చాక ఊరుకున్నారా అంటే, లేదు. చెరుకుపల్లి రోడ్డులో కాలవ వంతెన మీద మాకు క్లాసు పెట్టారు. రెండో గేరులో ఎక్కాలి, రెండో గేరులోనే దిగాలి, ఇంజను ఆపకూడదు. నడిమధ్యలో ఆపి, వెనక్కి జారకుండా క్లచ్చు మీద మళ్ళీ కదలాలి. గడ్డి మోపులతో వెళ్ళేవాళ్ళు, బడి బస్సులో పిల్లలు, అందరూ మమ్మల్నే చూసేవారు. ఒక పెద్దాయన సైకిలు దిగి మరీ అడిగాడు, బండి ట్రబులిచ్చిందా మాస్టారూ అని. లేదండీ, కొండెక్కడం నేర్చుకుంటున్నాం అని ఈయన జవాబు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేపాల్లో ఇంకా అన్యాయం. కొండల్లోపల ఒక గుడికి వెళ్తూంటే రోడ్డుకి అడ్డంగా వాగు పారుతోంది. మేం దాటేశాం. దాటిన తర్వాత మాస్టారు వెనక్కి తిరిగి నీళ్ళలోకి దిగారు. ఈల నోట్లో పెట్టుకుని, వచ్చిన ప్రతి బండినీ ఒకదాని వెనక ఒకటి దాటించారు. బుల్లెట్లవాళ్ళు, స్కూటరు మీద కొత్త దంపతులు, కోళ్ళ బుట్టలవాడు, ఒక్కణ్ణీ వదల్లేదు. నేను గట్టు మీద నుంచి అరిచి అరిచి మానేశాను. ఆయన ఒళ్ళు తుడుచుకునేసరికి వాన పెరిగింది, ముందు దారిలో కొండచరియ విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది. నా సెలవులూ అయిపోయాయి, అంటే మా ఆవిడ షాపు చూసుకునే ఓపిక అయిపోయింది.

ఆ రోజు టీ కొట్టు దగ్గర నేను అనేశాను. "మీతో వస్తే ఎక్కడికీ చేరలేం మాస్టారూ."

ఆయన బూట్లలోంచి నీళ్ళు వంచుకుంటూ, "చేరకపోతే ఏంటి నాయనా, కొండ ఎక్కడికీ పోదుగా" అన్నారు. ఆ తర్వాత సంచీలోంచి గోంగూర పచ్చడి తీసి, మైదా రొట్టెకి రాసి, ముందు మస్తాన్‌కీ తర్వాత నాకూ పెట్టారు. కోపంగా ఉన్నా తిన్నాను. ఆకలి మాత్రం నాది కదా.

కొండ ఎక్కడికీ పోలేదు. ఇది ఎవరితో చెప్పుకోను?

రేపల్లె చేరేసరికి వాళ్ళ వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టేశారు. దేశాలు చుట్టిన ధీరుడికి నివాళి అని. మాస్టారి బొమ్మ వెనక మంచు కొండ, జెండాలు. ఆ కొండ మేం ఎక్కలేదు. కింద రాసిన దేశాల్లో సగానికి వెళ్ళనేలేదు. ముసలితనంలో ఈ వేషాలేంటని నవ్వినవాళ్ళే అక్కడ నిలబడి, ఆయన ధైర్యం గురించి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. చింపేద్దామని చెయ్యెత్తితే మస్తాన్ పట్టుకున్నాడు.

చర్చిలో ఆరాధన అయ్యాక సమాధుల తోటకి బయల్దేరాం. దారి మేం కొండెక్కడం నేర్చుకున్న ఆ వంతెన మీదుగానే. ముందు పెట్టె ఉన్న వ్యాను, వెనక మా బళ్ళు, ఆయన పాత విద్యార్థులవి, ఇరుగుపొరుగువి. అలవాటు కొద్దీ నేనే అందరికన్నా ముందున్నాను. వంతెన మొదట్లో అద్దంలోకి చూశాను. మస్తాన్ ఉన్నాడు, వాడి వెనక బళ్ళున్నాయి, ఆఖర్న ఎవరున్నారో తెలియలేదు. బండి పక్కకి తీసి అందరినీ పోనిచ్చాను. మస్తాన్ నా వైపు చూసి ముందుకెళ్ళాడు.

చివరగా మోపెడ్ మీద ఒక ముసలి జంట వచ్చారు, ఆవిడ ఒళ్ళో పూల చక్రం. ఇంకాస్త ఎక్కితే వంతెన పైకి చేరతారనగా మోపెడ్ ఆగిపోయింది. నేను వాళ్ళ వెనక ఆపాను.

"నువ్వెళ్ళు నాయనా, నీకు ఆలస్యమైపోద్ది" అన్నాడు ఆ ముసలాయన.

ఫర్వాలేదండీ అన్నాను. అక్కడి నుంచి అవతలి రోడ్డు తిన్నగా కనపడుతోంది, మినప చేల మధ్య, చాలా దూరం. వ్యాను చిన్నదైపోతోంది. ఇన్నేళ్ళూ నేను మాస్టార్ని అద్దంలోనే చూశాను, నాకన్నా ముందు వెళ్తూండగా చూడటం ఇదే మొదటిసారి. ఒక్కసారి ఆగుతారేమోనని చూశాను. ఆగలేదు. ఇవతల మోపెడ్ ఇంకా స్టార్టు కాలేదు. నేను వెనక్కి జారకుండా బ్రేకు మీద కాలు పెట్టుకుని నిలబడ్డాను.