ఆడవాళ్లకు జాగా లేని వార్డు

మొన్న హైదరాబాద్ పోయే బస్సు చిట్యాల దగ్గర ఆగినప్పుడు, కిటికీ అవతలి గోడ మీద ఒక ప్రకటన చదివాను. తాగుడు మాన్పిస్తారట. ఉండటానికి గదులు, వేళకు భోజనం, రానని మొండికేస్తే బండి పంపి పట్టుకుపోయే ఏర్పాటు కూడా ఉందట. పక్కన బొమ్మలో ఒక మీసాలాయన సీసా పట్టుకుని తల వేలాడేసుకున్నాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భార్య ఏడుస్తోంది. ఎవరు గీసినా ఇంతే, తాగేది ఆయన, ఏడ్చేది ఆమె. బస్సు కదిలింది గానీ చౌటుప్పల్ దాటినా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

మా చిన్నమ్మది దేవరకొండ అవతల చిన్న పల్లె. అమ్మకు చెల్లెలు, గొర్రెల మంద ఉన్న ఇంటికి కోడలిగా పోయింది. మనిషి సన్నగా ఉండేది, గొంతు మాత్రం గుట్ట అవతలికి వినిపించేది. మాట వినని గొర్రెలకు అత్తగారి పేరూ ఆడబిడ్డల పేర్లూ పెట్టి తిట్టేది. వాళ్లు పక్కనే ఉన్నా ఏమీ అనలేకపోయేవారు, తిట్టింది గొర్రెను కదా! పొద్దంతా మంద వెంట నడిచి, సాయంత్రం చిన్నాయనతో కలిసి కల్లు కాంపౌండుకు పోయేది. అందులో దాపరికం ఏమీ లేదు. ఉడికించిన సెనగ గుడాలు కొంగులో పోసుకుని, చెరొక సీసా ముందు పెట్టుకుని, ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ముచ్చట్లలో పడేవారు. నేను చూసిన ఆలుమగల్లో అంత ఇష్టంగా మాట్లాడుకున్నవాళ్లు తక్కువ. మా వైపు చుట్టం వచ్చినా కల్లే, పండుగ వచ్చినా కల్లే. తప్పనేవాళ్లు లేరు.

అయితే ఊళ్లో ఈతచెట్లు ఎండిపోతున్నా కాంపౌండులో కల్లు మాత్రం తగ్గేది కాదు. అది ఎట్లా వస్తోందో ఊరందరికీ తెలుసు. నీళ్లు, తీపి, మత్తు కోసం తెల్లటి పొడి. ఆ పొడి నిద్రమందు. తెలిసీ తెలియనట్టు ఉండటమే అందరికీ అలవాటైంది.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు కాంపౌండ్ల మీద ఎక్సైజ్ వాళ్ల దాడులు జరిగి, ఆ పొడి రావడం ఒక్కసారిగా ఆగిపోయింది. మంచిదే. కానీ ఏళ్ల తరబడి దాన్ని కడుపులో పోసుకున్నవాళ్లు ఏమైపోతారని ఒక్కరూ ఆలోచించలేదు. చిన్నమ్మకూ చిన్నాయనకూ కంటిమీద కునుకు పోయింది, చేతులు వణికాయి. చిన్నమ్మ ఖాళీ పెరట్లో నిలబడి, లేని గొర్రెలను అదిలించసాగింది. దేవత పూనిందని పక్కింటివాళ్లు వేపమండలు తెచ్చారు. మా ఆయనా నేనూ ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకుని, తాగుడు మాన్పించే వార్డున్న ఒక దవాఖానకు తీసుకుపోయాం. అది ఏ దవాఖానో చెప్పను.

డాక్టరు చూసి, ఈ మందు ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ వస్తాయనీ, వార్డులో ఉంచి మెల్లగా తగ్గించాలనీ చెప్పాడు. చిన్నాయనకు మంచం చూపించారు. చిన్నమ్మ చేతిలో గోలీలు పెట్టారు.

"ఆడోళ్లకు ఈడ జాగా లేదమ్మా, అంత మొగోళ్ల వార్డే. ఇంటికి తీస్కపోయి గోలీలేయుండ్రి," అంది నర్సు.

"ఆడోళ్లకు ఫిట్స్ రావా?" అన్నాను. ఆమె పక్కవాళ్ల చీటీ అందుకుంది. తలుపు దగ్గరున్న ఆయా మాత్రం చిన్నమ్మను ఎగాదిగా చూసి, "ఆడదానివై ఉండి గీ తాగుడేందమ్మా?" అంది.

వణుకుతున్న చిన్నమ్మ తలెత్తింది. "ఎండల గొర్లెంబడి తిరిగినప్పుడు, ఆడదాన్నని ఎవలన్న నన్ను నీడకు కూసోమన్నరా?"

చిన్నాయన నెమ్మదస్తుడు, ఎన్నడూ ఎవరికీ ఎదురుచెప్పి ఎరగడు. అలాంటివాడు మంచం దిగి, "నా మంచం దానికియ్యుండ్రి. నేను కింద పండుకుంట," అన్నాడు. వార్డులోవాళ్లు నవ్వారు. చిన్నమ్మ ఆ గడప ముందే కూలబడింది, లేవమంటే లేవలేదు. కూర్చున్న చోటే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. ఆమె తల నేలకు కొట్టుకోకుండా చేతులు అడ్డం పెట్టి నేను అరిచిన అరుపులు తలుచుకుంటే ఇప్పటికీ నాకే భయమేస్తుంది. అప్పుడు దొరికింది మంచం, ఆడవాళ్ల మామూలు వార్డులో ఒక మూలన! అడిగినప్పుడు లేనిది, మనిషి నేల మీద పడ్డాక ఎక్కడినుంచి వచ్చిందో! పైగా ఎవరైనా అడిగితే ఉత్త ఫిట్స్ రోగమని చెప్పమని మాకు సలహా ఒకటి, పరువు కోసమట.

చిన్నమ్మ తేరుకున్నాక ఆ పరువును ఎంతోసేపు ఉండనివ్వలేదు. పక్క మంచం ఆమె ఏం రోగమని అడిగితే, "కల్తీ కల్లు రోగం," అంది, వార్డంతా వినపడేట్టు. మొదట గుసగుసలు, ముసిముసి నవ్వులు. తర్వాత ఒకామె ఏదో పని ఉన్నట్టు దగ్గరికి వచ్చి, "అక్కా, నాకు గూడ చేతులు వణుకుతున్నయి. మా ఇంట్ల చెప్పలె," అంది. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక మరికొందరు. డాక్టరు వచ్చినప్పుడు చిన్నమ్మే వాళ్లను పిలిచి ఆయన ముందు నిలబెట్టింది. అంతమంది ఆడవాళ్లు తమ రోగం పేరు మింగి, కడుపునొప్పి అనీ నడుంనొప్పి అనీ చెప్పి పడుకున్నారక్కడ.

నయమై ఊరికి వచ్చాక కాంపౌండు ఆయన పండ్లు పట్టుకుని పరామర్శకు వచ్చాడు. దాడులప్పుడు ఆయన మీద పెట్టిన కేసు ఏమైందో గానీ, మనిషి ఇస్త్రీ చొక్కాలో నిగనిగలాడుతున్నాడు. "గింత గోసైతదనుకోలె అక్కా. అయినా తాగమని నేను నోట్లె పోసిన్నా?" అన్నాడు.

"కల్లు నేనే తాగిన. నిద్రమందు నువ్వు తాపినవు," అంది చిన్నమ్మ. "నీ పండ్లు తీస్కపో."

చిన్నాయన మళ్లీ తాగుడులో పడ్డాడు, వార్డు మళ్లీ చేర్చుకుంది. చిన్నమ్మ కూడా ఒకసారి జారింది. ఈసారి ఎవరూ తీసుకుపోకుండా తానే బస్సెక్కి పోయి, ఆ ఆడవాళ్ల మామూలు వార్డులోనే చేరింది. ఇప్పుడు ఇద్దరూ సాయంత్రం ఇంటి ముందు చాయ్ తాగుతూ కూర్చుంటారు. ముచ్చట్లు మునుపటంత సాగవు. ఆ పొడి ఆమె జ్ఞాపకాన్ని కొంత కొరికేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ నడుమ ఆగిపోతుంది. చిన్నాయన తొందరపెట్టడు, గ్లాసు పట్టుకుని అట్లాగే ఎదురుచూస్తాడు. ఏళ్లు గడిస్తే నా కోపం ముసలిదవుతుందనుకున్నాను. ఆమె ఒక మాట కోసం వెతుక్కున్న ప్రతిసారీ దానికి మళ్లీ పడుచు వయసు వస్తోంది.